'చో'నా, 'లా'నా?

మేడ్చల్‌లో మా అక్కకి పాప పుట్టింది. పుట్టిన టైం ఒక్కటే. కానీ ఒక యాప్ అశ్విని 3వ పాదం, పేరు 'చో'తో పెట్టమంది. ఇంకోటి 4వ పాదం, 'లా' అంది. బగ్ అనుకుని లెక్క చూశాను.

చక్రాన్ని 360 డిగ్రీలు చేసింది బాబిలోనియా వాళ్ళు. మన 27 నక్షత్రాలని అందులో పరిస్తే ఒక్కోటి 13 డిగ్రీల 20 కలలు (60 కలలు ఒక డిగ్రీ). అందులో నాలుగో వంతు, 3 డిగ్రీల 20 కలలు, ఒక పాదం.

మరి సున్నా డిగ్రీ ఎక్కడ? గొడవంతా అక్కడే. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల విషువత్ బిందువు సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ వెనక్కి జరుగుతుంది. నక్షత్రాల సున్నాకీ దానికీ మధ్య దూరమే అయనాంశ. లాహిరి అయనాంశకీ, బి.వి. రామన్ వాడినదానికీ తేడా దాదాపు 87 కలలు. పాదమే 200 కలలు! అంటే 100 మంది పిల్లల్లో సుమారు 43 మందికి పాదం మారిపోతుంది.

గ్రహణం లెక్క తప్పితే ఆకాశమే చెప్తుంది. అక్షరం తప్పితే చెప్పేదెవరు? డిగ్రీ కొలత, అక్షరం సంప్రదాయం. రెండూ ఒకటి కావు.

ఇదంతా విని షామీర్‌పేట్ నానమ్మ, "నోరారా పిలిచేటట్టుంటే సాలు బిడ్డా" అంది. లాస్య అని పెట్టుకున్నాం.