గోడకు వన్నె తెచ్చే నల్ల పళ్లెం

రంజాన్ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో సున్నాలు, రంగులు మొదలవుతాయి. అటక మీది సామాను, సందూకులోని సామాను అంతా కిందికి దిగుతుంది. అప్పుడే ఏ నానీ జహేజ్‌లోదో ఒక నల్లటి పళ్లెం బయటపడుతుంది. బరువుగా ఉంటుంది, వెండి గీతలు మాసిపోయి కనీ కనిపించనట్టుంటాయి. వంటకూ వడ్డనకూ పనికిరాదని పాత సామాన్లవాడికి తూకానికి వేసేసే వాళ్లున్నారు. ఆ తర్వాత గోడ బోసిగా ఉందని బజారుకెళ్లి ప్లాస్టిక్ పూల పటం కొనుక్కొస్తారు! గోడ మీద ఉండాల్సిన వస్తువును తామే సాగనంపామని వారికి తెలియదు.

ఆ పళ్లెం బిద్రీ పని. హైదరాబాద్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని బీదర్ దాని పుట్టిల్లు. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానుల రాజధాని అయిన ఆ ఊరు 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందుకే నగరంలోని పాత ఇళ్లలో బిద్రీ పాన్‌దాన్లు, ఉగాల్‌దాన్లు, హుక్కా బుడ్లు ఉండేవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ఇప్పటికీ చూడవచ్చు.

ఈ పళ్లెం ఇనుము కాదు. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. నునుపు చేశాక మైలుతుత్తం నీళ్లు పూసి, ఆ తాత్కాలికపు నలుపు మీద చేత్తోనే పూలు, తీగలు గీస్తారు. ఉలితో గాడి చెక్కి అందులో వెండి తీగనో రేకునో కొట్టి కూరుస్తారు. తీగతో చేస్తే తార్‌కషీ, రేకుతో చేస్తే తెహ్‌నిషాన్. చివరి మెట్టు వింతైనది. బీదర్ కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా తగలని చోటి మట్టి తెచ్చి, నవాసాగరం కలిపిన నీటిలో పళ్లేన్ని వేడిచేసి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం వెండిలాగే మెరుస్తుంది. సరైన మట్టి అవునో కాదో పనివాళ్లు నాలుక మీద వేసుకుని తేలుస్తారట! ఈ పనిలో జీవితం గడిపిన బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

అందంగా ఉంది కదా అని అందులో తినవచ్చా అని అడిగే సోదరీమణులున్నారు. వద్దు. పులుపు తగిలితే తుత్తునాగం కరిగి తిండిలో కలుస్తుంది. పైగా వెండి, బంగారు పాత్రల్లో తినడాన్ని, తాగడాన్ని హదీసు వారించిందని మనందరికీ తెలుసు. వెండి పని ఉన్న పళ్లేన్ని గోడ మీద ఉంచితే ఆ సందేహమే రాదు.

ఇక శుభ్రం చేయడం. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఇవేవీ దగ్గరికి రానీయకండి. నలుపు పోతే ఆ పళ్లెం అందం పోయినట్టే. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్క చుక్క కొబ్బరినూనె వేసి మెత్తగా రుద్దితే చాలు, నలుపు తేరుకుంటుంది, వెండి పైకి తేలుతుంది.

తగిలించేటప్పుడు పళ్లేనికి రంధ్రం చేయకండి, పోత లోహం పగులుతుంది. అంచులను పట్టుకునే తీగ కొక్కెం వాడండి. డంగుసున్నపు పాత గోడలో ఉత్త మేకు ఆగదు, ముందు చెక్క బిరడా దిగ్గొట్టాలి. చెమ్మ గోడ అసలే వద్దు. ఊయల పైన, మంచం తలవైపున కూడా వద్దు, బరువైన వస్తువు కదా. తెల్ల గోడ మీద ఒక్క నల్ల పళ్లెం చాలా నిండుగా ఉంటుంది. తోడు కావాలనుకుంటే అల్మారాలో మిగిలిపోయిన నీలిపూల చీనీ పళ్లేలు, జత విరిగి ఒంటరిగా ఉన్నవైనా సరే, పక్కన పెట్టుకోవచ్చు. ముందు వార్తాపత్రికను పళ్లేల కొలతకు కత్తిరించి గోడకు అతికించి చూసుకుంటే అనవసరపు మేకు రంధ్రాలు పడవు.

ఆయతులు చెక్కిన పళ్లేలూ దొరుకుతాయి. ఆయతులను గోడ అలంకారంగా వాడటం కొందరు ఉలమాకు ఇష్టం లేదు. తగిలించుకునేవారు కాళ్లు చాపుకునే వైపు గానీ స్నానాల గది గోడకు గానీ కాకుండా చూసుకోవాలి. మా మటుకు పూల పళ్లెమే మేలు.

కొత్తది కొనేవారు వేలితో తడిమి చూడండి. అసలు బిద్రీలో కూర్చిన వెండి గోటికి లేచి రాదు. నల్లరంగు మీద వెండిరంగు పూసిన నకిలీలో గోరు తగిలిన చోట రంగు ఊడి వస్తుంది.