ఊయల బొంతలో పుట్టిన చిత్రకళ

చీర కొనబోవు నపుడు అంచునకును ఒడలికిని రంగు కుదిరినదో లేదో చూచుకొనని స్త్రీ యుండదు. ఒక వర్ణము ప్రక్కన మెరసిన దారమే వేరొక వర్ణము ప్రక్కన వెలవెలబోవును. దీనిని మన తల్లులు ఏ శాస్త్రమును చదువకయే యెరుగుదురు. ఈ చిన్న సంగతియే ఫ్రాన్సు దేశమున నొక చిత్రకళోద్యమమునకు మూలమై, మరల వస్త్రములలోనికి మరలివచ్చిన వృత్తాంతమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

పారిసు నగరమందలి గోబ్లె నేతశాలలో అద్దకపు పనిని చూచుటకు 1824లో షెవ్రూల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నియుక్తుడయ్యెను. నల్లరంగు నిగ్గుదేరుట లేదని ఫిర్యాదులు రాగా, లోపము అద్దకములో లేదనియు, ప్రక్కనున్న వర్ణములే నలుపును వెలవెలబోవునట్లు చేయుచున్నవనియు నాతడు కనిపెట్టెను. 1839లో ఈ విషయమై గొప్ప గ్రంథమును ప్రకటించెను. చిత్రకారులనేకులు దానివలన లాభమందిరి. 1912 ప్రాంతమున రొబేర్ దెలోనే అనునాతడు వస్తువుల రూపమును చాలవరకు విడిచి, వర్ణముల పొందికతోడనే చిత్రములు వ్రాయసాగెను. సంగీతమునకు స్వరములు చాలినట్లే చిత్రమునకు వర్ణములు చాలవా యని ఆ కాలపు వారి తలంపు. కవియగు అపొలినేర్ ఈ మార్గమునకు గ్రీకు పురాణములలోని గాయకుడైన ఆర్ఫియస్ పేర 'ఆర్ఫిజము' అని నామకరణము చేసెను.

రొబేర్ భార్య సోనియా. ఆమె 1885లో ఉక్రెయిన్ దేశమున జన్మించినది, తానును చిత్రకారిణియే. 1911లో కుమారుడు షార్ల్ పుట్టగా, బాల్యమున పల్లెయిండ్లలో చూచిన విధమున గుడ్డముక్కలు కూర్చి ఊయలకొక బొంత కుట్టినది. పని ముగిసిన పిదప చూచుకొనగా ఆ కూర్పు తనకు నాటి నూతన చిత్రకళారీతిని తలపించినదని ఆమెయే తరువాత చెప్పెను. ఆ బొంత నేడు పారిసులోని జాతీయ ఆధునిక కళాశాలలో భద్రపరుపబడియున్నది! 1913లో అట్టి ముక్కలతోనే గౌను కుట్టుకొని, టాంగో వాద్యము మ్రోగు నాట్యశాలకు ధరించి వెళ్లినది.

అంతవరకు ఇది వేడుక. 1917లో రష్యా విప్లవముతో స్వదేశమునుండి వచ్చు రాబడి నిలిచిపోయెను. అప్పుడు సూదియే సంసారమును నిలిపినది. 1918లో దియాగిలేవ్ నృత్యబృందము ప్రదర్శించిన 'క్లియోపాత్రా' కు దుస్తులు కల్పించెను. మాడ్రిడ్ నగరమున దుకాణము తెరచెను. 1923లో లియాన్ పట్టువర్తకులు 50 నమూనాలు కోరిరి. 1925లో పారిసున జరిగిన అలంకారకళల ప్రదర్శనమున ఆమె అంగడి వెలసెను. శాలువలు, కోటులు, ఈతదుస్తులు, తుదకు మోటారుకారు సయితము ఆమె వర్ణములను ధరించినవి. పటములో పుట్టిన పోకడ ఈ విధముగా వీధికి దిగినది.

అయినను చిరకాలము లోకులు భర్తను చిత్రకారుడనియు, ఆమెను ఆతని భార్యయనియు, బట్టలు కల్పించునదనియు చెప్పుకొనిరి. గోడకు వ్రేలాడినది కళ, ఒంటిమీద నున్నది కుట్టుపని! 1964లో లూవ్రు ప్రదర్శనశాల ఆమె కృతులను సమగ్రముగ ప్రదర్శించెను. జీవించియుండగా అచట నట్టి గౌరవమందిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. అప్పటికామెకు డెబ్బది తొమ్మిదవ యేడు. 1979లో పరమపదించినది. ఊయలలోని షార్ల్ పెద్దవాడై, 1936లో జాజ్ సంగీతపు రికార్డుల పట్టికను గ్రంథముగా ప్రకటించి ఖ్యాతినొందెను.

ఈ చరిత్రమును చదివిన పిదప మాకు మా యింటి బొంత జ్ఞప్తికి వచ్చినది. పాతచీరల ముక్కలని మేమును దానిని చులకనగా చూచినవారమే. సోదరీమణులారా! మీ అటకమీద అట్టిదొకటి యున్నచో, పారవేయుటకు ముందు వెలుతురులో పరచి యొక్కసారి చూడుడు. ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క నుంచవలెనో యోచించిన ఆ తల్లి పేరు, జ్ఞప్తియున్నంతలోనే, బిడ్డలకు చెప్పుడు.