ఊరి గ్రంథాలయానికి రేపటి సారథులెవరు?

భవనం కట్టించి, బీరువాలు కొని, వాటి నిండా పుస్తకాలు పేర్చినంత మాత్రాన గ్రంథాలయం కాదు. ఏ పుస్తకం ఎవరికి పనికొస్తుందో ఎరిగి, అడగడానికి మొహమాటపడే వాడి చేతికి కూడా దాన్ని అందించే మనిషి ఉంటేనే అది గ్రంథాలయమవుతుంది. అటువంటి మనుషులను ఒకప్పుడు మన పల్లెలే తయారు చేసుకున్నాయి. నేడు ఆ పని ఎవరు చేస్తున్నారు, రేపు ఎవరు చేస్తారు అన్నది ప్రతి గ్రామమూ ఆలోచించుకోవలసిన విషయం.

కుర్రవాళ్లు నడిపిన ఉద్యమం

తెలుగునాట గ్రంథాలయోద్యమాన్ని నడిపినవారు తల నెరిసిన పెద్దలేనని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని భుజాన మోసింది యువకులు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన తొలి గ్రంథాలయ మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దానికి ఊపిరిపోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడే ఆయన 'గ్రంథాలయ సర్వస్వము' పత్రికను మొదలుపెట్టారు. ఏ ఊళ్లో గ్రంథాలయం వెలిసింది, దాన్ని ఎలా నడపాలి అన్న విషయాలు ఆ పత్రిక ద్వారా ఊరూరికీ చేరాయి. ఒక ఊరి కార్యకర్త పడిన పాట్లు మరో ఊరి కార్యకర్తకు పాఠాలయ్యాయి.

మన జిల్లాలోని వేటపాలెం సారస్వత నికేతనం పుట్టుక కూడా ఇటువంటిదే. 1918లో వి.వి. శ్రేష్ఠి గారి చొరవతో ఊరి యువకులు సంఘంగా ఏర్పడి చిన్న గ్రంథాలయంగా దాన్ని ప్రారంభించారు. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంచికలను పదిలంగా దాచి ఉంచినందువల్ల నేటికీ పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తున్నారు. ఒక తరం వారు దాచినదాన్ని తరువాతి తరం వారు కాపాడబట్టే ఇది సాధ్యమయింది.

పుస్తకాలతో కదిలిన పడవ

పాతూరి నాగభూషణం గారి సంగతి మన కాలువ గట్ల వారు తెలుసుకోదగినది. దుగ్గిరాల ప్రాంతపు పెదపాలెం ఆయన స్వగ్రామం. దారులు సరిగా లేని ఆ రోజుల్లో పడవ ప్రయాణమే జనానికి ఆధారం. ప్రయాణం గంటల తరబడి సాగేది. ఆ గంటలు ఊరికే పోనివ్వడమెందుకని 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య నడిచే పడవలో పుస్తకాలు పెట్టించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిదేళ్లు.

పాఠకుడు రాలేదని కూర్చోకుండా, పాఠకుడు ఎక్కడ తీరికగా దొరుకుతాడో చూసి పుస్తకాన్ని అక్కడికి చేర్చడమే ఇందులోని కిటుకు. నాయకత్వమంటే ఇదే. తాను చేసిన పని తనతోనే ఆగిపోరాదని నాగభూషణం గారు కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం కూడా తన పనిగా పెట్టుకున్నారు. విజయవాడ పటమటలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరిట వెలసిన సర్వోత్తమ భవనం గ్రంథాలయ శిక్షణకు నిలయమయింది.

లెక్కల మాస్టారు గ్రంథపాలకుడైన వైనం

నాయకులు పుట్టుకతోనే నాయకులనుకోవడం కూడా పొరపాటే. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడుగా పేరొందిన ఎస్.ఆర్. రంగనాథన్ మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా చేరిన కొద్ది రోజులకే పని లేక విసుగెత్తి, తిరిగి పాఠాలు చెప్పుకుంటానని పాత కళాశాలకు వెళ్లి మొరపెట్టుకున్నారు. లండన్ వెళ్లి శిక్షణ పొంది వచ్చాక కూడా విసుగనిపిస్తే అప్పుడు చూద్దామని అక్కడి ప్రిన్సిపాల్ నచ్చచెప్పి పంపించారు. శిక్షణ పొందాక ఆయనకు మళ్లీ వెనక్కి చూడవలసిన అవసరం కలగలేదు. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం తరఫున శిక్షణ తరగతులు మొదలయ్యాయి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా పెట్టింది.

ఈ కథలో మనకు పనికివచ్చే మాట ఒకటుంది. ఇష్టం లేని మనిషి సైతం సరైన శిక్షణ దొరికితే ఆ వృత్తికే వన్నె తెచ్చాడు. ఇష్టం ఉండీ శిక్షణ దొరకని వారు మన ఊళ్లలో ఎందరున్నారో!

ఆ చదువులో ఏం నేర్పుతారు?

పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికి చదువెందుకని అడిగేవారున్నారు. కిరాణా కొట్టు శెట్టిగారిని చూడండి. కందిపప్పు ఎక్కడ, జీలకర్ర ఎక్కడ అన్నది కళ్లు మూసుకుని చెప్పగలరు. ఆయన ఊరికెళితే కొడుకు కొట్టంతా వెతుక్కుంటాడు. గ్రంథాలయంలో ఆ చిక్కు రాకుండా ప్రతి విషయానికీ ఒక అంకె ఉంటుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న డ్యూయీ పద్ధతిలో వ్యవసాయానికి 630, వైద్యానికి 610. ఈ వరుస పాటించిన చోట గ్రంథపాలకుడు సెలవులో ఉన్నా పుస్తకం దొరుకుతుంది.

వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులో ఎక్కించడం, రచయిత పేరుతో వెతికినా విషయం పేరుతో వెతికినా దొరికేలా జాబితా రాయడం, చెదలు, చెమ్మ తగలకుండా కాపాడడం ఆ శిక్షణలో భాగం. ఇప్పుడు కంప్యూటరు కూడా తోడయింది. ఉద్యోగ పరీక్షలకు చదివే యువకుడికి జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో తనకు కావలసినది వెతికి చూపడం నేటి గ్రంథపాలకుడి పనుల్లో ఒకటి.

ఇంటర్ చదివినవారికి గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు, డిగ్రీ పూర్తి చేసినవారికి బి.ఎల్.ఐ.ఎస్సీ. ఉన్నాయి. ఊరు వదిలి వెళ్లలేని వారు దూరవిద్య ద్వారా కూడా బి.ఎల్.ఐ.ఎస్సీ. చదువుకోవచ్చు.

మనం కట్టే పన్నులోనే ఉంది

ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే ఐదు వందలు ఇంటి పన్ను కట్టే గృహస్థు నలభై రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్లే. కాబట్టి శాఖా గ్రంథాలయం ఎవరో దయతలచి పెట్టినది కాదు, మన సొమ్ముతో నడిచేది. వసూలైన పన్ను స్థానిక సంస్థల దగ్గరే నిలిచిపోతే కొత్త పుస్తకాలు రావు, కొత్త నియామకాలకు దారి ఉండదు. గ్రంథపాలకుడు పదవీ విరమణ చేశాక ఆ చోటు ఖాళీగా ఉండి, పక్క ఊరి ఉద్యోగి వచ్చి తలుపు తీస్తే తప్ప తెరుచుకోని గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. గ్రామసభలో మంచినీళ్ల సంగతి, రోడ్ల సంగతి అడిగే మనం దీన్ని గురించి కూడా అడగాలి.

గ్రామస్థులు చేయగలిగినవి

ప్రభుత్వం చేయవలసినవి ఎన్నో ఉన్నాయి. అయితే అంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. పాఠశాల విద్యార్థుల్లో ఇద్దరిని వంతులవారీగా గ్రంథాలయ పనిలో సాయానికి పంపవచ్చు. పుస్తకాలు సర్దడం, చిరిగినవి అతికించడం, చిన్నవారికి కథ చదివి వినిపించడం వారికి అప్పగించాలి. వారిలో ఎవరికి ఆ పని మీద మనసుందో ఆరు నెలల్లో తెలిసిపోతుంది. అటువంటి పిల్లను, పిల్లవాణ్ణి సర్టిఫికెట్ కోర్సు దాకా చదివించే బాధ్యత ఊరి పెద్దలు తలకెత్తుకుంటే మంచిది. ఆడపిల్లలకు ఇది గౌరవప్రదమైన వృత్తి. వారు గ్రంథపాలకులైతే గ్రంథాలయం గడప తొక్కడానికి ఇంటి ఆడవాళ్లకూ బెరుకు ఉండదు.

పదవీ విరమణ చేసిన గ్రంథపాలకులు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు. ఏ బీరువాలో ఏముందో, ఏ పాఠకుడికి ఏం కావాలో వారికి కంఠతా వచ్చు. వేసవి సెలవుల్లో పది రోజులు వారిచేత యువతకు పని నేర్పించాలి. ఆ అనుభవం వారితోనే మరుగున పడితే తిరిగి సంపాదించడం కష్టం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, బహుమతులు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఆ వారం రోజులూ ఊరి గ్రంథాలయాన్ని పూర్తిగా పిల్లలకే అప్పగించి, పెద్దలు పాఠకులుగా వచ్చి కూర్చోండి. పుస్తకం అడగండి. వెతికి తెచ్చి ఇచ్చిన పిల్లల పేర్లు రాసి పెట్టుకోండి. పైచదువుకు ఎవరిని పంపాలో ఆ కాగితమే చెబుతుంది.