రైతుబిడ్డ రాజధానిలో గడుపు నాలుగు నెలలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కళాశాల చదువు సాధారణముగా నాలుగు సంవత్సరములు. ఏటికి రెండు భాగములు. ఒకటి ఆగస్టు చివర మొదలై డిసెంబరులో ముగియును. రెండవది జనవరిలో మొదలై మే నెలలో ముగియును. ఈ ఎనిమిది భాగములలో ఒకదానిని తరగతి గది వదలి, దేశ రాజధానియైన వాషింగ్టన్ నగరములో ఏదేని కార్యాలయమున పని నేర్చుకొనుచు గడుపు ఆచారము అక్కడ చాల కాలముగా ఉన్నది. ఆ నగరములోని అమెరికన్ విశ్వవిద్యాలయము 1947లోనే ఇట్టి ఏర్పాటు ప్రారంభించినది. ఇట్లు వచ్చు విద్యార్థులను ఇంటర్నులందురు. పూర్వము కరణముగారి అరుగుమీద కూర్చుండి లెక్కలు వ్రాయ నేర్చిన కుర్రవాడు మన పల్లెలోని ఇంటర్ను అనుకొనవచ్చును.

వీరిలో రాజకీయశాస్త్రము చదువువారే హెచ్చు. కాని అయోవా, కాన్సాస్ వంటి వ్యవసాయ రాష్ట్రముల నుండి పైరుల శాస్త్రమో, పశుపోషణమో చదువుచు వచ్చువారును ఉందురు. మనకు పనికివచ్చునది వీరి సంగతి. వీరి కళాశాలలకును మన వ్యవసాయ విద్యకును చుట్టరికమున్నది. 1862 జూలై 2వ తేదీన అధ్యక్షుడు లింకన్ మొరిల్ చట్టముపై సంతకము చేసెను. జాతీయ చట్టసభలలో ఒక రాష్ట్రమునకు ఎందరు సభ్యులున్నారో, తలకు 30,000 ఎకరముల చొప్పున ఆ రాష్ట్రమునకు ప్రభుత్వ భూమి నిచ్చి, అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయమును, యంత్రవిద్యను నేర్పు కళాశాలలు పెట్టుకొనుడనిరి. (ఆ భూములు అంతకు ముందు ఆదిమజాతులవారివి. ఈ మాట కూడ చెప్పవలసినదే.) ఆ కళాశాలల పద్ధతి ననుసరించియే 1964 జూన్‌లో రాజేంద్రనగరులో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. దానికి కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు తోడ్పడిరి. నేడు గుంటూరు వద్ద లాంలో ఆచార్య ఎన్.జి. రంగా పేరిటను, రాజేంద్రనగరులో ఆచార్య జయశంకర్ పేరిటను నడచుచున్న రెండు విశ్వవిద్యాలయములును ఆ మొదటి మొక్కకు వచ్చిన కొమ్మలే.

చట్టసభ సభ్యుని కార్యాలయములో చేరిన విద్యార్థికి మొదటిరోజున అప్పగించునది టెలిఫోను. ప్రతినిధుల సభలో 435 మంది, సెనేటులో 100 మంది సభ్యులున్నారు. ప్రతి సభ్యునికిని తన నియోజకవర్గము నుండి ఫోనులు, ఉత్తరములు వచ్చుచునే యుండును. పిలిచినవారి పేరు, ఊరు, వారు చెప్పిన విషయము, దానికి అనుకూలమో ప్రతికూలమో విద్యార్థి వ్రాసికొనవలెను. కరవు వచ్చినదని ఒకరు, పంటబీమా పరిహారము అందలేదని మరొకరు, పాలధర పడిపోయినదని ఇంకొకరు. కొందరు తిట్టుదురు కూడ. తిట్టినను ఓపికతో విని వ్రాయవలెను. సాయంత్రమునకు ఆ లెక్క అంతయు వ్యవసాయ విషయములు చూచు ఉద్యోగి బల్లమీదికి చేరును. ఇది గుమాస్తాపని అని చులకన చేయువారున్నారు. కాని రైతు మొర ప్రభుత్వములో ఏ గది నుండి ఏ గదికి పోవునో, ఎక్కడ ఆగిపోవునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి బడి లేదని నా అభిప్రాయము.

తరువాతి పని వ్యవసాయ సంఘపు విచారణలకు పోయి కూర్చుండుట. అక్కడికి రైతులను కూడ పిలిపించి మాటాడింతురు. ఒక్కొక్కరికి ఐదు నిమిషములు గడువు. బల్లమీది దీపము ఎర్రగా వెలిగినచో ఆపవలెను. విన్నదంతయు ఒకటి రెండు పుటలలో కుదించి విద్యార్థి సభ్యునికి అందజేయును. ఇక్కడనే వానికి ఒక పెద్ద సంగతి బోధపడును. అమెరికాలో సేద్యము మీద బ్రతుకువారు జనాభాలో నూటికి ఇద్దరు కూడ లేరు. అట్టిచో పంటబీమాకు, ధరల రక్షణకు, భూసార సంరక్షణకు ఇంత ధనము ఎట్లు మంజూరగుచున్నది? 1933 నుండి వచ్చుచున్న వ్యవసాయ శాసనములలో 1973లో బీదల ఆహార సహాయమును కూడ చేర్చిరి. ఇటీవలి శాసనములలో వ్యయమున మూడు వంతులకు పైగా ఆ సహాయమునకే పోవుచున్నది. అందువలన పట్టణముల సభ్యులును చేయి యెత్తుదురు. తినువానిని కలుపుకొననిదే పండించువానికి వోట్లు చాలవన్నమాట. అయినను ఈ కూటమి గట్టిదని చెప్పజాలము. 2018 నాటి శాసనము 2023లో గడువు తీరగా, సభ్యులు ఏకాభిప్రాయమునకు రాలేక దానినే పొడిగించుచు వచ్చిరి.

చట్టసభకు పోనివారు వ్యవసాయ శాఖలో చేరుదురు. ఈ శాఖయు 1862లోనే పుట్టినది. 1936లో పూర్తియైన దాని దక్షిణపు భవనములో 4,500 గదులు గలవు. క్రొత్తవాడు దారి తప్పుట సహజము. శాస్త్రమునందు ఆసక్తి గలవారికి నగరమునకు ఈశాన్యమున బెల్ట్స్‌విల్ పరిశోధన క్షేత్రము ఉన్నది. మన దేశములో పెంచుచున్న బెల్ట్స్‌విల్ చిన్న తెల్ల టర్కీ కోడి అక్కడ తయారైన జాతియే.

జనవరిలో వచ్చిన విద్యార్థి మార్చి చివర చెర్రీపూలు చూడకుండ పోడు. ఆ చెట్ల వెనుక ప్రతి వ్యవసాయ విద్యార్థియు తెలిసికొనదగిన కథ ఉన్నది. 1910 జనవరిలో జపానునుండి కానుకగా 2,000 చెర్రీ మొక్కలు వాషింగ్టన్ చేరినవి. వ్యవసాయ శాఖ పరీక్షకులు చూడగా వానినిండ పురుగులు, వేళ్లలో నులిపురుగులు కనబడినవి. మిత్రదేశపు కానుక, కాదన్నచో నొచ్చుకొందురేమో! అయినను అధ్యక్షుని అనుమతితో మొక్కలన్నిటిని కుప్పవేసి కాల్చివేసిరి. జపానువారు అర్థము చేసికొని, జాగ్రత్తగా పెంచిన 3,020 మొక్కలను 1912లో తిరిగి పంపిరి. ఆ సంవత్సరమే విదేశపు మొక్కలపై నిర్బంధ పరీక్ష విధించు చట్టము వచ్చినది. బంధువు తెచ్చినాడని విత్తనమును పరీక్షింపకయే నాటు మనవారు ఈ కథను గుర్తుంచుకొనవచ్చును.

ఇక డబ్బు మాట. వాషింగ్టన్‌లో గది అద్దె మిక్కిలి హెచ్చు. ఈ నాలుగు నెలల పని చదువులో భాగముగా లెక్కకు రావలెనన్న కళాశాలకు రుసుము కట్టవలెను. చట్టసభలో చాలకాలము ఎక్కువ కార్యాలయములు ఇంటర్నులకు జీతమే ఇయ్యలేదు. అనగా కుర్రవాడు పని చేయును, దానికి తండ్రి సొమ్ము చెల్లించును! ఈ ఏర్పాటులో కలవారి బిడ్డలే రాజధానికి పోగలరు. చిన్న కమతపు రైతుబిడ్డకు ఎంత తెలివి యున్నను ఆ తలుపు మూసియే యుండును. ఈ అన్యాయమును పెక్కుమంది ఎత్తి చూపిన మీదట, 2019 ఆర్థిక సంవత్సరమునకు ప్రతినిధుల సభలో ఒక్కొక్క కార్యాలయమునకు ఇంటర్నుల జీతముల కొరకు 20,000 డాలర్లు కేటాయించిరి. అధ్యక్ష భవనములో జీతమిచ్చుట 2022లో గాని మొదలు కాలేదు.

వ్యవసాయ శాఖ ఉద్యోగులు రాజధానిలో ఉండవలెనా, పొలముల దాపున ఉండవలెనా అను వాదము కూడ అక్కడ సాగుచున్నది. 2019లో ఆ శాఖ ఆర్థిక పరిశోధన విభాగమును కాన్సాస్ సిటీకి తరలించిరి. అనుభవజ్ఞులు అనేకులు ఊరు మారలేక ఉద్యోగము వదలిరి. 2025 జూలైలో రాజధానిలోని ఉద్యోగులలో ఎక్కువమందిని ఐదు ఇతర నగరములకు పంపుదుమనియు, బెల్ట్స్‌విల్ క్షేత్రమును క్రమముగా ఖాళీ చేయుదుమనియు ప్రకటించిరి. రైతుకు దగ్గరగా పోవుట మంచిదే. కాని ఏండ్ల తరబడి సాగిన పరిశోధనను మొక్కను పెరికి నాటినట్లు తేలికగా తరలింప వీలులేదు.

మన విద్యార్థికి ఢిల్లీలో ఇట్టి అవకాశము లేకపోలేదు. పి.ఆర్.ఎస్. అను సంస్థ 2010 నుండి పట్టభద్రులను పార్లమెంటు సభ్యుల వద్ద సుమారు ఒక సంవత్సరము పనికి నియమించుచున్నది. భత్యము కూడ ఇచ్చును. వ్యవసాయ పట్టభద్రులును ప్రయత్నింపవచ్చును.

అయితే మన వ్యవసాయ కళాశాలలు చివరి సంవత్సరములో విద్యార్థిని రాజధానికి గాక పల్లెకు పంపుచున్నవి. ఒక రైతుతో జతపడి, విత్తిన నాటినుండి పైరు నడక చూచి, మట్టి నమూనాలు తీసి, పురుగు తెగులు గుర్తించి, ఊరి పటమును నేలమీద రంగులతో గీయింతురు. అమెరికా విద్యార్థి చట్టము పుట్టు చోటును చూచును. మనవాడు అది వచ్చి తగులు చోటును చూచును. రెండింటిలో నాకు మనదే మేలుగా తోచుచున్నది, అది మొక్కుబడిగా జరుగనంత వరకు. దినచర్య పుస్తకము నింపి, రైతుతో ఫొటో తీయించుకొని బస్సెక్కిన విద్యార్థికి దక్కునది సున్న.

ఇందులో గ్రామాధికారుల చేయి ఉన్నది. విద్యార్థులు వచ్చినపుడు అడంగలు, పహాణీలు ఎట్లు చదువవలెనో చూపవచ్చును. పంటనష్టపు లెక్క వ్రాయ పోవునపుడు వెంట తీసికొని పోవచ్చును. పరిహారపు జాబితాలో పేరు రాని రైతును, కౌలుదారును వారితో మాటాడింపవచ్చును. మంచి కమతమును మాత్రమే చూపి పంపరాదు. వారు నేలమీద గీసిన ఊరి పటము మొదటి వానకే చెరిగిపోవును గనుక, దానిని ఆనాడే కాగితము మీదికి ఎత్తించి, ఒక నకలు పంచాయతీ కార్యాలయములోను, ఒకటి రైతు సేవా కేంద్రములోనో రైతు వేదికలోనో ఉంచుకొనవలెను.