నలుగురూ కలిసి చదివిన నాలుగక్షరాల గ్రంథం

మిరప కోతల రోజుల్లో పల్నాడులో ఏ ఊరు వెళ్ళినా ఎర్రటి కళ్ళాలు కనిపిస్తాయి. ఎండిన కాయల చుట్టూ కూలీలు వరుసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. ఒక్కరే కూర్చుంటే ఎప్పటికి తేలుతుందో తెలియని కుప్ప, పదిమంది కూర్చుంటే చూస్తుండగానే తరిగిపోతుంది. అయితే ఒక షరతు ఉంది. ఏది తాలుకాయ, ఏది మంచికాయ అన్నది అందరికీ ఒకేలా తెలిసి ఉండాలి.

సరిగ్గా ఇలాంటి పనే 2010లో మన దేశంలో వందలాది కళాశాల విద్యార్థులు చేశారు. వాళ్ళ ముందున్నది మిరప కుప్ప కాదు, క్షయ క్రిమి. చేతిలో ఉన్నది కంప్యూటరు. ఆ కథ తెలుసుకుందామా?

క్షయ వ్యాధికి కారణం ఒక సూక్ష్మజీవి అని జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న ప్రకటించాడు. అందుకే ఏటా ఆ తేదీని ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నాం. క్రిమి దొరికి నూట నలభై ఏళ్ళు దాటింది. మందులూ వచ్చాయి. అయినా క్షయ పోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగోవంతు మంది మన దేశంలోనే ఉన్నారు. సాధారణంగా మందులు ఆరు నెలలు వాడాలి. కాస్త నయం కాగానే కొందరు మానేస్తారు. అప్పుడు చావక మిగిలిన క్రిములు మందుకు లొంగని రకాలుగా బలపడతాయి. అందుకే కొత్త మందులు కావాలి.

కొత్త మందు తయారు చేయాలంటే క్రిమి గుట్టు తెలియాలి. ఆ గుట్టు దాని డి.ఎన్.ఏ.లో ఉంటుంది. డి.ఎన్.ఏ.ని ఒక గ్రంథం అనుకోండి. మన తెలుగుకు యాభైకి పైగా అక్షరాలుంటే, ఈ గ్రంథంలో ఉన్నవి నాలుగే: ఎ, టి, జి, సి. క్షయ క్రిమి గ్రంథాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 1998లో పూర్తిగా చదివి ప్రకటించారు. అందులో సుమారు 44 లక్షల అక్షరాలున్నాయి. సెకనుకు ఒక అక్షరం చొప్పున, తిండీ నిద్రా మాని చదివినా 51 రోజులు పడుతుంది. కావాలంటే లెక్క కట్టి చూడండి.

అక్షరాలు చదివినంత మాత్రాన అర్థం తెలిసినట్లు కాదు. ఆ గ్రంథంలో సుమారు 4,000 జన్యువులున్నాయి. ఒక్కొక్క జన్యువూ ఒక మాంసకృత్తును ఎలా తయారు చేయాలో చెప్పే వాక్యం లాంటిది. ఏ మాంసకృత్తు ఏ పని చేస్తుంది? దేనితో కలిసి చేస్తుంది? ఈ సంగతులు అనేక దేశాల్లో, అనేక సంవత్సరాలుగా అచ్చయిన వేలాది పరిశోధన పత్రాల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటినన్నిటినీ ఒకచోట చేర్చడం ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు.

సి.ఎస్.ఐ.ఆర్. అనే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి అప్పటికే, 2008లో, సమీర్ బ్రహ్మచారి నాయకత్వంలో ఒక పథకం మొదలుపెట్టింది. మందుల పరిశోధనను తలుపులు మూసుకుని కాకుండా అందరి ముందూ, అందరితో కలిసి చేద్దామన్నది దాని ఉద్దేశం. అందులో భాగంగానే 'కనెక్ట్ టు డీకోడ్' పేరుతో విద్యార్థులను పిలిచారు. వాళ్ళు ఉన్నచోటనే ఉండి, తమ వంతుకు వచ్చిన జన్యువుల గురించి పత్రాలు చదివారు, అందరికీ ఒకే నమూనాలో వివరాలు నింపారు. ఒకరు రాసినదాన్ని మరొకరు సరిచూశారు.

ఈ సరిచూడడం చిన్న విషయం కాదు. ఒకసారి మా తొమ్మిదో తరగతిలో బల్లమీద రెండు పొడవైన అక్షరాల వరుసలు రాసి, తేడాలు లెక్కపెట్టమన్నాను. ఒకరు నాలుగన్నారు, ఒకరు ఐదన్నారు, ఒకరు మూడన్నారు. ఇద్దరిద్దరిని జతచేసి ఒకరి లెక్క ఒకరు చూసుకోమన్నాక అందరికీ ఒకే జవాబు వచ్చింది.

2012లో ఆ విద్యార్థుల కృషి ఫలితాలు అచ్చయ్యాయి. 1,434 మాంసకృత్తులనూ, వాటి మధ్య 2,575 సంబంధాలనూ చూపే ఒక పెద్ద పటం తయారైంది. పటం దేనికి? మన నడికుడి జంక్షన్‌నే తీసుకోండి. చిన్న స్టేషనులో ఇబ్బంది వస్తే ఆ ఊరివాళ్ళకే కష్టం. నడికుడిలో ఇబ్బంది వస్తే గుంటూరు వైపు, మాచర్ల వైపు, నల్లగొండ వైపు అన్ని దారులూ స్తంభిస్తాయి. అలాగే ఎక్కువ దారులు కలిసే మాంసకృత్తును మందు అడ్డుకుంటే క్రిమి బతకలేదు. అయితే ఆ మందు మన శరీరానికి హాని చేయకూడదు. ఇలా వెతికితే 17 మాంసకృత్తులు తేలాయి. వాటిలో ఐదు మందుకు తగిన గురులే అని అంతకుముందే ప్రయోగశాలల్లో రుజువై ఉంది. అంటే దారి సరైనదే!

పటం చేతికొచ్చినంత మాత్రాన మందు వచ్చినట్లు కాదు. ప్రయోగశాలలో పరీక్షించాలి, జంతువులపై, తర్వాత మనుషులపై చూడాలి. దానికి ఏళ్ళు పడుతుంది. కానీ అక్షరాలను పోల్చడం ఎంత ఉపయోగమో బెడాక్విలిన్ అనే క్షయ మందు కథ చెబుతుంది. ఆ మందు క్రిమిని చంపుతోంది, కానీ ఎక్కడ దెబ్బ కొడుతోంది? మందుకు లొంగని క్రిముల గ్రంథాన్ని లొంగే క్రిముల గ్రంథంతో పోల్చి చూశారు. క్రిమికి శక్తిని తయారు చేసే యంత్రానికి చెందిన ఒక జన్యువులో మార్పు కనిపించింది. 2005లో ఆ గుట్టు బయటపడింది. 2012లో అమెరికాలో ఆ మందుకు అనుమతి లభించింది. ఇప్పుడు మన దేశంలోనూ మొండి క్షయకు వాడుతున్నారు.

ఇలా లెక్కలతో, కంప్యూటరుతో జీవాన్ని చదివే శాస్త్రమే గణన జీవశాస్త్రం. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేకంగా ఒక శాఖే ఉంది. 2020లో కరోనా రోజుల్లో మందుల అన్వేషణకు కేంద్ర ప్రభుత్వం విద్యార్థులనూ పరిశోధకులనూ కలిపి దేశవ్యాప్తంగా పోటీ కూడా నడిపింది. జీవశాస్త్రం తీసుకుంటే లెక్కలు అక్కరలేదనీ, లెక్కలు తీసుకుంటే జీవశాస్త్రం అక్కరలేదనీ అనుకునే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మీ వంతు. కింది వరుసలు నేను ఊహించి రాసినవి. రెండింటికీ తేడా ఎక్కడుంది?

ఎ టి జి జి సి ఎ టి ఎ సి జి
ఎ టి జి జి సి ఎ సి ఎ సి జి

ఏడో అక్షరం దగ్గర ఆగారా? సరే, ఇప్పుడు మీ స్నేహితుడికి ఇంకా పొడవైన వరుసలు రాసివ్వండి. ఒకరిది ఒకరు సరిచూసుకోండి.

మరో పని కూడా ఉంది. దానికి కంప్యూటరు అక్కరలేదు. మీ ఇంట్లోగాని, వాడలోగాని ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోమని చెప్పండి. పరీక్షా మందులూ ఉచితమే. మందు మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో మానకుండా గుర్తు చేయండి. కళ్ళంలో అందరి చేతులూ పడితేనే గదా కుప్ప తేలేది!