మధ్యధరా దీపస్తంభం దగ్గరికి అమ్మతో: స్ట్రాంబోలి ట్రిప్ ప్లాన్ చేయడం ఎలా?

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పెద్దది. బస్సులోనో, మెట్రోలోనో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ముందు మీకో బిట్. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదివినవాళ్ళు టక్కున చెప్పేస్తారు. మధ్యధరా సముద్రపు దీపస్తంభం అని ఏ అగ్నిపర్వతాన్ని అంటారు? స్ట్రాంబోలి. ఏ దేశం? ఇటలీ. ఒక మార్కు వచ్చింది, మనం మర్చిపోయాం. మా అమ్మ మాత్రం మర్చిపోలేదు. గుంటూరు జిల్లాలో హైస్కూల్ సోషల్ టీచర్‌గా ఇరవై ఎనిమిదేళ్ళు చేసి రిటైర్ అయింది. ప్రతి సంవత్సరం బోర్డు మీద శంకువు బొమ్మ గీసి, పైన పొగ గీసి, పక్కన "స్ట్రాంబోలి - ఇటలీ" అని రాసేది. నేను ఉద్యోగానికి మ్యూనిక్ వచ్చాక ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, "అక్కణ్ణుంచి స్ట్రాంబోలి ఎంత దూరమే?" అని.

సరే, ఇది ఎక్కడుంది? సిసిలీకి ఉత్తరాన ఏయోలియన్ దీవులని ఏడు దీవులున్నాయి. 2000లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఆ ఏడింటిలో ఒకటి స్ట్రాంబోలి. మొత్తం దీవి పన్నెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఉండే జనం నాలుగైదు వందలు. దీవిలో అగ్నిపర్వతం ఉంది అనడం కూడా తప్పే, ఎందుకంటే దీవే అగ్నిపర్వతం. నీటి పైన కనిపించేది 900 మీటర్ల పైన, సముద్రం అడుగు నుంచి కొలిస్తే దాదాపు 3 కిలోమీటర్ల కొండ. మనం ఆ కొండ నెత్తి దగ్గర రూమ్ తీసుకుని ఉంటామన్నమాట.

ఇది రెండు వేల ఏళ్ళకి పైగా, పెద్దగా గ్యాప్ లేకుండా పేలుతూనే ఉంది. పూర్వం నావికులు రాత్రిపూట ఆ ఎర్రటి వెలుగు చూసి దారి తెలుసుకునేవాళ్ళు, దీపస్తంభం అనే పేరు అందుకే. పేలుడు ఎలా ఉంటుందంటే, రాగి జావ ఉడికేటప్పుడు చూశారు కదా? కిందనుంచి ఓ పెద్ద బుడగ నెమ్మదిగా పైకొచ్చి "టప్" మని పగిలి చేతి మీద చిందుతుంది. ఇక్కడా అదే. కరిగిన రాయిలో వాయువు బుడగలుగా పైకొచ్చి పగిలినప్పుడల్లా ఎర్రటి ముక్కలు గాల్లోకి చిందుతాయి. పది, ఇరవై నిమిషాలకోసారి. ప్రపంచంలో ఎక్కడ ఇలాంటి పేలుడు జరిగినా శాస్త్రవేత్తలు దాన్ని "స్ట్రాంబోలియన్" అనే అంటారు.

ఇంతవరకూ వింటే చాలా ముద్దుగా ఉంది కదా. ఇప్పుడు రెండో సంగతి. అప్పుడప్పుడూ లోతునుంచి వాయువు ఎక్కువున్న మాగ్మా ఒక్కసారిగా తన్నుకొస్తుంది. 2019 జూలై 3న అలాగే జరిగింది. మామూలు ఎండాకాలం మధ్యాహ్నం, టూరిస్టులు బీచ్‌లో ఉన్నారు. ఒక నడకదారు చనిపోయాడు. అతను శిఖరం మీదేం లేడు, కింద జినోస్ట్రా అనే ఊరి వైపు దారిలో ఉన్నాడు. ఆ ఆగస్టు 28న మళ్ళీ ఇంకోటి. అంతకుముందు గైడ్లు జనాన్ని శిఖరం దాకా తీసుకెళ్ళేవాళ్ళు, ఆ ఏడాదితో అది ఆగిపోయింది. మీ ఫీడ్‌లో ఇప్పటికీ తిరిగే "క్రేటర్ అంచున నిలబడ్డాం" వీడియోలు చాలావరకు ఆ పాతకాలం నాటివి. వాటిని చూసి ప్లాన్ వేయకండి.

మేం వెళ్ళింది 2023 సెప్టెంబర్లో. అప్పుడు రూల్ ఏంటంటే, 290 మీటర్ల ఎత్తు వరకు ఎవరికివాళ్ళే వెళ్ళొచ్చు, 400 వరకు లైసెన్స్ ఉన్న గైడ్‌తో మాత్రమే. ఆ పైకి ఎవరూ వెళ్ళకూడదు. ఇది రాతి మీద చెక్కిన రూల్ కాదండి. 2024 జూలైలో పెద్ద పేలుడు వచ్చినప్పుడు మళ్ళీ బిగించారు. స్ట్రాంబోలి లిపరి మున్సిపాలిటీ కిందకి వస్తుంది, వాళ్ళ ఉత్తర్వులు ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఇటాలియన్‌లోనే ఉంటాయి, ఫోన్లో అనువాదం పెట్టుకుని చదవండి. పక్కనే హెచ్చరిక రంగు కూడా చూడండి: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి.

ఇక వీసా. మన పాస్‌పోర్ట్‌కి షెంజెన్ వీసా కావాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఇటలీకి వెళ్తున్నాం కాబట్టి ఇటలీ వీసాయే అనుకుంటారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి అప్లై చేయాలి. అమ్మ నా దగ్గర నెలన్నర ఉండి, ఇటలీకి వారం వచ్చింది కాబట్టి జర్మనీ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. కానీ ఎండాకాలం అపాయింట్‌మెంట్లు దొరకవు, అందుకని ఆ పదిహేను రోజుల లెక్కని నమ్ముకోవద్దు. ఫీజు ఇప్పుడు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇన్సూరెన్స్ ఏదో ఒకటి చవకగా తీసేసుకోకుండా, దాంట్లో హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి. దీవిలో చిన్న డాక్టర్ పోస్టు ఉంటుంది గానీ హాస్పిటల్ లేదు. సీరియస్ అయితే హెలికాప్టరే.

చేరుకోవడం గురించి కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఎయిర్‌పోర్ట్ లేదు. కటానియా వరకు విమానం, అక్కణ్ణుంచి మిలాజ్జో రేవుకి బస్సులో సుమారు రెండు గంటలు, అక్కణ్ణుంచి హైడ్రోఫాయిల్ పడవ. మధ్యలో వేరే దీవుల దగ్గర ఆగుతూ మూడు గంటలు వేసుకోండి. నేపుల్స్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసే పెద్ద ఓడ కూడా ఉంది, అది ప్రతిరోజూ ఉండదు.

అమ్మతో వెళ్ళడానికి ముందు ఒకసారి ఫ్రెండ్స్‌తో వెళ్ళాను. తిరుగు పడవ దిగిన రోజు సాయంత్రమే కటానియాలో ఫ్లైట్ పెట్టుకున్నాం. తెలివి అనుకున్నాం, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని! ఆ రోజు పొద్దున గాలి లేచింది. రేవు దగ్గర చిన్న బోర్డు మీద పడవ రద్దు అని రాశారు. మర్నాడూ అంతే. ఫ్లైట్ పోయింది, కొత్త టికెట్ పాతదానికి మూడింతలైంది, ఆఫీసులో మొహం చూపించలేకపోయాను. తప్పు ఎవరిదంటే నాదే. హైడ్రోఫాయిల్ నీటి మీద లేచి పోయే పడవ, అల పెరిగితే మొదట ఆగేది అదే. బరువైన ఫెర్రీ ఇంకాసేపు తట్టుకుంటుంది. కాబట్టి ఫ్లైట్‌కి ముందు రాత్రి సిసిలీలో ఉండండి, కుదిరితే రెండు రాత్రులు. అమ్మకి బీపీ మాత్రలు లెక్కకంటే ఐదు రోజులవి ఎక్కువ పెట్టింది కూడా ఇందుకే.

ఎప్పుడు వెళ్ళాలి? మే చివర, జూన్, సెప్టెంబర్. ఆగస్టు వద్దు, 15వ తారీఖు ఇటలీలో పెద్ద పండగ, దేశమంతా సముద్రం దగ్గరే ఉంటుంది. చలికాలం హోటళ్ళు చాలావరకు మూసేస్తారు, సముద్రం కూడా మాట వినదు. కనీసం రెండు రాత్రులు ఉండండి. మేం మూడు ఉన్నాం. పగలు పైన పొగ తప్ప ఏం కనిపించదు, ఎరుపు చీకట్లోనే. ఒక రాత్రి మబ్బు కప్పేస్తే ఇంకో రాత్రి చేతిలో ఉండాలి.

దిగగానే మా అమ్మ నవ్వింది. రేవులో సామాన్లు మోయడానికి వరసగా నిలబడ్డవి ఏంటనుకున్నారు? ఆపే ఆటోలు! మన ఊళ్ళల్లో పది మందిని కుక్కి తీసుకెళ్ళే అదే బండి. అది పుట్టింది ఇటలీలోనే, ఇటాలియన్‌లో "ఆపె" అంటే తేనెటీగ. ఊళ్ళో సందులు ఎంత ఇరుకంటే కార్లు పట్టవు, ఈ మూడు చక్రాలదే రాజ్యం. వీధి దీపాలు కూడా లేవు. రాత్రి హోటల్ నుంచి భోజనానికి వెళ్ళాలన్నా టార్చ్ కావాలి. ఫోన్ టార్చ్ మీద ఆధారపడితే తొమ్మిదింటికి బ్యాటరీ అయిపోతుంది, చిన్న హెడ్‌లైట్ కొనుక్కోండి. బూట్లు, లైట్లు అక్కడ అద్దెకీ దొరుకుతాయి. బీచ్ ఇసుక నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టారా, పెనం మీద పెట్టినట్టే.

శాకాహారులు భయపడక్కర్లేదు. సిసిలీ వాళ్ళకి వంకాయంటే మనకున్నంత పిచ్చి. వంకాయ వేసిన పాస్తా అల్లా నోర్మా, పుల్లపుల్లగా ఉండే కపొనాటా, అమ్మ మూడు రోజులూ అవే తింది. ఉప్పులో ఊరేసిన కేపర్ మొగ్గల్ని మాత్రం "ఇవి మన ఊరగాయలో పడితే బాగుండేవి" అని ఒక ప్యాకెట్ బ్యాగ్‌లో వేసుకుంది.

ఇప్పుడు గొడవ సంగతి. నా ప్లాన్లో గైడ్‌తో 400 మీటర్ల ట్రెక్ ఉంది. ఇద్దరికీ బుక్ చేద్దామనే అనుకున్నా. తర్వాత దారి వివరాలు చదివాను: ఎక్కడం కంటే దిగడం కష్టం, బూడిద మీద చీకట్లో జారుతూ దిగాలి. అమ్మకి అరవై రెండేళ్ళు, కుడి మోకాలు సరిగ్గా లేదు. వద్దన్నాను. "ఇరవై ఎనిమిదేళ్ళు బోర్డు మీద గీశానే. కిందనుంచి చూసి పోవడానికా ఇంత దూరం తీసుకొచ్చావ్?" అంది. ఒక పూటంతా మాట్లాడలేదు. నాకూ బాధేసింది. మళ్ళీ ఎప్పుడొస్తుంది చెప్పండి? ఈ ఒక్కసారే. అయినా గుంపులో ఒకరు ఆగిపోతే గైడ్ అందర్నీ ఆపాలి, ఆ రిస్క్ మా ఒక్కళ్ళది కాదు. అందుకే ఇద్దరం మానేశాం.

దానికి బదులు చేసింది రెండు పనులు. మొదటిది, పుంటా లబ్రోంజో దాకా నడక. ఊరి చివరనుంచి పైకి వెళ్ళే దారి, మామూలుగా గంట, మాకు దాదాపు రెండు గంటలు పట్టింది. అక్కణ్ణుంచి పేలుళ్ళు పై భాగం కనిపిస్తాయి. రెండోది, సాయంత్రం పడవ. దీవికి వాయవ్యంగా షియారా దెల్ ఫువోకో అని నిప్పు జారే వాలు ఉంది, పైనుంచి పడే రాళ్ళు దాని మీదుగా దొర్లి సముద్రంలో పడతాయి. పడవని దానికెదురుగా, దూరంగా ఆపి ఇంజిన్ ఆపేస్తారు. కడుపులో తిప్పే అలవాటుంటే ముందే మాత్ర వేసుకోండి, ఆగిన పడవే ఎక్కువ ఊగుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఈ బీచ్‌లో కూర్చునేవాళ్ళందరికీ. 2002 డిసెంబర్ 30న ఆ వాలులో కొంత భాగం విరిగి సముద్రంలో పడి సునామీ వచ్చింది. చలికాలం కాబట్టి ఒడ్డున టూరిస్టులు లేరు, ప్రాణాలు దక్కాయి. అల ఊరి ఒడ్డుకి రావడానికి నిమిషాలు చాలు. అందుకే ఇప్పుడు దీవి మీద సైరన్లు పెట్టారు, ఎటు పరిగెత్తాలో సందుల్లో బోర్డులున్నాయి. రూమ్‌కి వెళ్ళిన మొదటి గంటలోనే ఆ బోర్డులు చూసుకుంటూ ఒకసారి నడవండి. సైరన్ మోగితే ఫోన్ బయటికి తీయొద్దు, పైకి వెళ్ళిపోండి. అమ్మని నేను బోర్డు దగ్గర నిలబెట్టి రెండుసార్లు చెప్పించాను. టీచర్‌కి పాఠం చెప్పినట్టయింది.

ఫోటోల గురించి అడుగుతారని తెలుసు. ఊగే పడవలో నైట్ మోడ్ పనిచేయదు, ఎర్రటి గీత ఒకటి వస్తుంది. లబ్రోంజో దగ్గర ఫోన్‌ని రాయికి ఆనించి వీడియో ఆన్ చేసి వదిలేయండి, ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. పౌర్ణమి దగ్గర్లో కాకుండా చీకటి రాత్రులు చూసుకుని డేట్లు పెట్టుకుంటే ఇంకా మంచిది.

పడవలో అమ్మ ఫోనే తీయలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న డైరీ, పెన్ను తీసింది. మొదటిసారి ఎర్రగా లేచినప్పుడు పడవలో అందరూ అరిచారు, కొన్ని క్షణాల తర్వాత ఆ చప్పుడు మా దాకా వచ్చింది. ఈవిడ మాత్రం వాచీ చూసుకుని ఏదో రాసుకుంది. రూమ్‌కి వచ్చాక చూశాను. వరసగా టైమ్‌లు: 7.52, 8.06, 8.09, 8.31. కింద, "పుస్తకంలో 20 నిమిషాలకొకసారి అని ఉంది. సరిగ్గా లేదు."