ఊపిరిగొట్టము వేయుట ఎవరికి కష్టమగును?

నేడు నేను ముచ్చటింపదలచిన విషయము వినుటకు కొంచెము భయము గొల్పునదే. కాని తెలిసికొన్నచో భయము తగ్గును. ఒక్కొక్కప్పుడు ఆ తెలివియే ప్రాణమును నిలుపును. మన యింటివారి కెవరికైన ఊపిరి యందక, ఐ.సి.యు. అను తీవ్రచికిత్సా విభాగమున చేర్చినప్పుడు, వైద్యులు వెలుపలికి వచ్చి, గొట్టము వేయవలసియున్నదని చెప్పి సంతకము అడుగుదురు. ఆ గొట్టమేమి? అది కొందరికి సులభముగను, కొందరికి కష్టముగను ఏల దిగును? ఇంటి పెద్దలు ఆ వేళ చేయగల సాయమేమి? మత్తువైద్యము నా వృత్తి యగుటచే ఈ మూడు ప్రశ్నలు నన్ను పలువురు అడుగుచుందురు.

మన గొంతులో రెండు దారులు కలవు. వెనుకది అన్నము పోవు దారి. ముందుది గాలి పోవు దారి. గాలిదారి మొదట స్వరపేటిక యను చిన్న గడప యున్నది. రోగి తనంతట తాను చాలినంత ఊపిరి తీయలేనప్పుడు, నోటిగుండ ఒక సన్నని గొట్టమును ఆ గడప దాటించి, దాని వెలుపలి కొసను వెంటిలేటరు అను యంత్రమునకు తగిలింతురు. ఈ గడప నాలుక మొదలికి దిగువను, చీకటిలో నుండును. వైద్యుడు దీపముగల లారింగోస్కోపుతో నాలుకను ఎత్తి, దానిని కంట చూచి గొట్టము దింపవలెను. గొట్టము పొరపాటున అన్నపుదారిని పట్టెనా, గాలి కడుపునకు పోవునేకాని ఊపిరితిత్తులకు చేరదు.

శస్త్రచికిత్సకు వచ్చినవాడు సాధారణముగా పరగడుపుతో నుండును, ఊపిరితిత్తులు బాగుండును. ముందుగా ప్రాణవాయువు నిండుగా పట్టించినచో, ఊపిరి ఆగినను కొన్ని నిమిషములు తాళగలడు. ఐ.సి.యు. రోగి అట్లు కాదు. నిమ్ము చేరిన ఊపిరితిత్తులు, పడిపోవుచున్న రక్తపుపోటు, నిండిన కడుపు. అతడు అడుగంటిన కుండతో ఎండలో బయలుదేరిన బాటసారి. ఒక్కొక్కప్పుడు నిమిషమైనను తాళలేడు. 29 దేశములలో 2,964 మంది రోగులను పరిశీలించి 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, నూటికి 45 మందికి గొట్టము వేయు సమయమున ఏదో ఒక పెద్ద యిబ్బంది కలిగినది. రక్తపుపోటు పడిపోవుటయో, ప్రాణవాయువు మిక్కిలి తగ్గుటయో, నూటికి ముగ్గురిలో గుండె ఆగుటయో జరిగినది. కావున కష్టమును ముందే కనిపెట్టుట ఎంత ముఖ్యమో మీరే ఊహింపుడు.

ఫ్రాన్సు దేశపు వైద్యులు 42 ఐ.సి.యు.లలో 1,000 మారులు గొట్టము వేసిన వృత్తాంతములు పరిశీలించి, 2013లో ఒక మార్కుల పట్టీని ప్రకటించిరి. ఆ వేయింటిలో నూటికి 11 కష్టమైనవే. పట్టీలో లక్షణములు ఏడు, మొత్తము మార్కులు 12. మూడు గాని అంతకు మించి గాని వచ్చినచో జాగ్రత్త వహింపవలెను.

అన్నిటికంటె పెద్ద లక్షణము, 5 మార్కులది, మన తెలుగువాని పేరుతోనే లోకమంతట ప్రసిద్ధమైనది. గుంటూరు సీమవాడైన డాక్టరు మల్లంపాటి శేషగిరిరావుగారు అమెరికాలోని బోస్టను నగరమున మత్తువైద్యులుగా నుండి 1985లో దీనిని ప్రకటించిరి. రోగిని కూర్చుండబెట్టి, నోరు బాగుగ తెరచి నాలుక చాపుమందురు. కొండనాలుక, దాని ప్రక్క కమానులు చక్కగ కనబడినచో గొట్టము సాధారణముగా సులభము. నాలుక అన్నిటిని కప్పివైచి అంగిలి మాత్రమే కనబడినచో కష్టము కావచ్చును. ఇల్లు నిండ సామానున్నచో పెరటి తలుపు కనబడదు గదా!

నిద్రలో గురక పెట్టుచు నడుమ నడుమ ఊపిరి ఆగు జబ్బునకు 2 మార్కులు. అట్టివారి గొంతు మెత్తగా మూసికొనిపోవును. తక్కినవానికి ఒక్కొక్క మార్కు. మెడ వెనుకకు వంగకుండుట, నోరు 3 సెంటీమీటర్లైనను, అనగా సుమారు రెండు వ్రేళ్ల మందమైనను, తెరచుకొనకుండుట, స్పృహ లేకుండుట, రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండుట, గొట్టము వేయువారు మత్తువైద్యమున శిక్షణ పొందనివారగుట. ఈ కడపటిది ఎవరికిని నింద కాదు. చేయి తిరిగిన పనికిని తిరుగని పనికిని గల భేదము రైతులకు నేను చెప్పవలెనా?

ఇక్కడనే చిక్కున్నది. ఊపిరాడనివానిని కూర్చుండబెట్టి నాలుక చాపుమనుట ఎట్లు? స్పృహలేనివాడు తన గురక సంగతి చెప్పునా? వైద్యుడు చూడలేనిదానిని ఇంటివారు ఎరుగుదురు. కావున అడుగువరకు ఆగక మీరే చెప్పుడు: రాత్రి గురకలో ఊపిరి ఆగునా? తల పైకెత్తి ఆకాశము చూడగలడా? వక్క, గుట్కా నమలి నమలి నోరు బిగిసిపోయినదా? కదలు పండ్లు, కట్టుడు పండ్లు ఉన్నవా? గొంతున గడ్డ గాని, మునుపు మెడకు చికిత్స గాని కలదా? కడపట ఎప్పుడు భుజించెను? వెనుకటి ఆపరేషనులో గొట్టము వేయుట కష్టమైనదని ఎవరైన చెప్పిరా? ఈ కడపటి ప్రశ్నకు జవాబు బంగారము వంటిది. అట్లు వ్రాసిన ఆస్పత్రి కాగితమును పొలము పట్టాతోపాటు పెట్టెలో భద్రపరపుడు.

కష్టమని తెలిసిన వైద్యుడు చేతులు ముడుచుకొనడు. అనుభవజ్ఞుని పిలుచును, తల ఎత్తుగా పెట్టి ముందుగా ప్రాణవాయువు పట్టించును, కొసను కెమెరాగల వీడియో లారింగోస్కోపు తెప్పించును. 1,417 మంది రోగులతో అమెరికాలో జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, మొదటి ప్రయత్నముననే గొట్టము దిగినది వీడియో పరికరముతో నూటికి 85 మందికి, పాత పద్ధతితో 71 మందికి. దిగిన పిదప, వెలువడు బొగ్గుపులుసు వాయువును యంత్రముతో కొలిచి, గొట్టము సరియైన దారిలోనే యున్నదని నిర్ధారింతురు.

ఈ పట్టీ జాతకము కాదు. ఏ లక్షణమును లేనివానికిని కష్టము రావచ్చును. అన్నియు నున్నవానికి సుఖముగ దిగనువచ్చును. అయినను ఒక్క మాట. ప్రాణవాయువు తగ్గుట అను లక్షణము కొంతవరకు మన చేతిలోనిది. సందేహములుండిన వైద్యుని సూటిగ అడుగుడు. వలదనుకొన్నను, వలయుననుకొన్నను తేల్చి చెప్పుడు. కాని బంధువులందరు చేరువరకు ఆగుదమని సంతకము వాయిదా వేసినచో, రోగి కుండలోని ఆ కొద్ది నీరును ఇంకిపోవును.